నాలుగు చేతుల కాగితం

టీచరమ్మ తలుపు తట్టేసరికి టైలర్ బాబాయ్ మూడో కంచం తుడుస్తున్నాడు. నాలుగోది ఇంకా అటక మీదే ఉంది. ఆ రోజు ఆదివారం. ఇల్లు చూడటానికి వస్తున్నానని ఆవిడ గంట క్రితమే కబురు పెట్టింది. ఆ గంటలో గడప దగ్గర మూడు జతల పాత చెప్పులు పేర్చాడు, తాడు మీద ఓ చీర ఆరేశాడు.

కొద్ది డబ్బుతో ఇంటిల్లిపాదీ బలమైన తిండి తినడం ఎలాగో ఆవిడ ప్రతి గురువారం వార్డు హాల్లో నేర్పుతుంది. కుటుంబాలకే చోటు. ఒంటరివాళ్లను చేర్చుకోరు. తమ్ముడి కుటుంబం తనతో ఉన్నప్పటి రేషన్ కార్డు చూపించి చేరాడు బాబాయ్. వాళ్లు ఊరు మారి మూడేళ్లయింది. వారం మొత్తంలో "ఇలా వచ్చి కూర్చో బాబాయ్" అని ఎవరైనా పిలిచే చోటు ఆ హాలొక్కటే. అది పోతే గురువారం కూడా మిగతా ఆరు రోజుల్లాంటిదే.

మనిషికి అతని అరచేతిలో పట్టినంత పప్పు, అతని పిడికిలంత అన్నం. అది మొన్నటి పాఠం. ఇంట్లో అందరి చేతులూ కాగితం మీద గీసి తెమ్మంది టీచరమ్మ. బాబాయ్ నాలుగు గీసి తెచ్చాడు.

"అబ్బో, ఎంత నీటుగా గీశావు బాబాయ్! మా ఆయన చెయ్యి గీస్తే చీపురుకట్టలా వచ్చింది" అంది పళ్లమ్మే ఆవిడ. హాలంతా గొల్లుమంది. బాబాయ్ కూడా మనసారా నవ్వాడు.

ఇప్పుడు టీచరమ్మ చెప్పులకేసి చూసింది, చీరకేసి చూసింది.

"తమ్ముడుగారూ వాళ్లూ లేరా?"

"ఇప్పుడే బయటికెళ్లారమ్మా. పాప బడికెళ్లింది."

"ఆదివారమా?"

బాబాయ్ తుడిచిన కంచాన్నే మళ్లీ తుడిచాడు.

ఆవిడ సంచిలోంచి ఆ కాగితం తీసి బల్ల మీద పరిచింది. పెద్ద చెయ్యి, దానికంటే చిన్నది, ఇంకా చిన్నది, చివర్న పాప చెయ్యి. చొక్కా కొలత తగ్గించినట్టు బాబాయ్ తన చేతినే అరంగుళం చొప్పున తగ్గిస్తూ పోయాడు. నలభై ఏళ్లు కత్తెర పట్టి వంగిపోయిన బొటనవేలు నాలుగు చేతులకూ అచ్చు గుద్దినట్టు వచ్చింది. అలవాటైన వేలు కావడంతో ఆ వంకర ఆయన కంటికి ఆనలేదు.

"పాప కూడా కత్తెర పడుతుందా బాబాయ్?"

తల దించుకున్నాడు. "తీసేస్తారా అమ్మా?"

"పదకొండు కుటుంబాలు ఎదురు చూస్తున్నాయి. అందరూ పిల్లలున్నవాళ్లే."

బాబాయ్ కంచం పక్కన పెట్టాడు. "అయితే తీసెయ్యండి. వాళ్లకే ఇవ్వండి."

ఆవిడ పుస్తకంలో బాబాయ్ పేరు మీద ఒక గీత కొట్టింది. కానీ లేవలేదు.

"పొద్దుట్నుంచి ఇళ్లు తిరుగుతున్నా. బాగా తినండని అందరికీ చెప్పడమేగానీ నేనింకా మెతుకు ముట్టలేదు."

బాబాయ్ కాగితం తిప్పి, పెన్సిల్ తీశాడు. "చెయ్యి పెట్టండి."

ఇద్దరి కొలతతో వండాడు. తుడిచిన కంచాల్లో రెండు పనికొచ్చాయి.

"ఉప్పు తక్కువైంది బాబాయ్."

"తక్కువెయ్యమన్నది మీరేగా!"

ఆవిడ పకపకా నవ్వింది. తిని, కంచం కడిగి, వెళ్లిపోయింది.

గురువారం క్లాసు వేళకే బాబాయ్ గిన్నె పెట్టాడు. తన అరచేతితో ఒకసారి పప్పు పోశాడు. గోడకు అంటించిన కాగితంలోని టీచరమ్మ చేతిని చూసి, దానికి సరిపడా పప్పు మళ్లీ పోశాడు. కాసేపు తలుపు వైపు చూశాడు.

తర్వాత రెండోసారి పోసిన పప్పు, ఒక్క గింజ కింద పడకుండా, తిరిగి డబ్బాలోకి తీశాడు.