ఆరని ఎర్రమట్టి

రోజూ బడికి వెళ్లేముందు రిజిస్టర్లో "పొడి" అని రాయడం నా పని. ఎనిమిదో తరగతి నుంచి రాస్తున్నాను, ఇప్పుడు పదికి వచ్చాను. మా ఊరి పైన గట్టు మీద కాఫీ మిల్లు ఉంది. దాని జనరేటర్‌కి డీజిలు నిల్వచేసే ట్యాంకు నేలమీదే ఉంటుంది. ఇనుప ట్యాంకు చుట్టూ కాస్త సందు వదిలి, జానెడు మందాన కాంక్రీటు పోశారు. ఇనుము కారితే తెలియడానికి, రెంటి మధ్య సందులోకి సన్నటి గొట్టం దించారు. రోజూ దాని మూత తీసి, కర్ర దించి, తడో పొడో రాయాలి. ఆ పని కాపలాదారుది, అంటే మా నాన్న ఫల్గుణది. "చూసినవారు" అన్న గడిలో ఆయన పేరే ఉంటుంది.

కానీ ట్యాంకు చుట్టూ గడ్డి కోసేది అమ్మ. పాచి గీకేది, ఆకులు ఊడ్చేది, నిలిచిన వాననీళ్లు తోడేది అమ్మే. "ఇంట్లో ఖాళీగానే ఉంది కదండి" అని మేనేజరు సువార్తరావు గారితో నాన్న అంటున్నప్పుడు అమ్మ తలమీద నీళ్లబిందె ఉంది. గొట్టం మూత తుప్పుపట్టి బిగుసుకుపోయి రెండేళ్లయింది. "పొడి అని రాసెయ్యి గుంటా, నీ రాత బాగుంటాది" అన్నాడు నాన్న. రాశాను. నాకు ఎదురు చెప్పడం రాదు. బళ్లో హాజరు పలికినా పక్కవాళ్లకే వినిపిస్తుంది.

చైత్రంలో వచ్చే ఇటుకల పండక్కి ఇంటి గోడలతో పాటు ట్యాంకు అడుగున కూడా ఎర్రమట్టి పూస్తుంది అమ్మ. ఎవరూ చెప్పలేదు, తనకే అలా అలవాటు. ఈసారి పూసి నాలుగు రోజులైనా, కింద ఊరి ఊట ఉన్నవైపు మూలన చేటంత మేర మట్టి నల్లగానే ఉండిపోయింది.

"మంచులే" అన్నాడు నాన్న.

"మంచైతే మజ్జేనానికి ఆరిపోద్ది. ఎన్ని గోడలు అలికినాను, నాకు తెల్దా?"

"గోడలు అలికే సేతికి ఇంజినీరు సదువొచ్చీసింది, సూడరా" అని నానమ్మ నవ్వింది.

మర్నాడు నాన్న సంతకి వెళ్లాక, అమ్మ తలకు రాసుకునే నూనెను గొట్టం మూత చుట్టూ పోసి, గోనెపట్టా చుట్టి తిప్పింది. మూత వచ్చింది. కర్ర దించి తీస్తే జానెడు తడి. వాసన చూసి, నా ముక్కు దగ్గర పెట్టింది. డీజిలు. గట్టు కింద ముప్పై అడుగుల దూరంలో ఊట ఉంది. ఊరంతా తాగేది ఆ నీళ్లే. ఇంటికొచ్చి గ్లాసులో నీళ్లు వాసన చూశాను. వాసన నీళ్లదో నా వేళ్లదో తెలియలేదు. దాహంగానే ఉండిపోయాను.

అమ్మ పంపిన కబురు విని సువార్తరావు గారు సాయంత్రమే వచ్చారు. "రేపు తనిఖీకి ఆఫీసర్లు వస్తున్నారు. రాజకుమారీ, నీ చెయ్యి మంచిదమ్మా, ఆ మూల కాస్త సిమెంటు పూసెయ్. తర్వాత చూద్దాం" అన్నారు అమ్మతో.

ఆయన వెళ్లాక నాన్న నావైపు తిరిగాడు. "తడి అని రాత్తే, రెండేళ్లు ఏటి సూసినావని నన్నడుగుతారు. ఉజ్జోగం పోద్ది. అప్పుడు తిండి మీయమ్మ పెడతాదా?"

ఇన్నేళ్లూ పెడుతున్నది ఎవరు అని అడగాలనిపించింది. కానీ ఆ రెండేళ్ల అబద్ధం నా దస్తూరీలోనే ఉంది.

తెల్లారి చూస్తే సిమెంటు తట్ట ట్యాంకు దగ్గర అలాగే ఉంది. అమ్మ ఖాళీ బిందెతో ఊట దారికి అడ్డంగా నిలబడి, వచ్చినవాళ్లందరికీ చెబుతోంది. "ఈ నీళ్లొద్దే. దూరమైనా, పారే గెడ్డకే పోదాం."

కింద మలుపులో జీపు చప్పుడు వినిపించింది. రిజిస్టరు తెరిచాను. "తడి" అని రాశాను. "చూసినవారు" గడిలో అలవాటుగా "ఫ" పడింది. కొట్టేసి, "రాజకుమారి" అని రాశాను. పక్కన కొంచెం ఖాళీ ఉంది.

"ఇన్నాళ్లూ చూడకుండా పొడి అని రాసింది నేను, వెన్నెల" అని అక్కడ రాసి, పుస్తకం మూయకుండా బల్లమీద పెట్టాను.