భార్గవి కంప్యూటరూ, కోటిలింగం గ్రీజూ

బందరు పక్కన గిలకలదిండి రేవులో బోటు ఇంజన్లు నడిపే కోటిలింగానికి లోకంలోని జబ్బులన్నిటికీ తెలిసిన మందు ఒకటే, గ్రీజు. తలుపు కిర్రుమంటే గ్రీజు, తాళం బిగుసుకుంటే గ్రీజు, కుట్టుమిషను మొరాయిస్తే గ్రీజు. మోకాళ్ళు పట్టేశాయని తాను మూలిగిన రోజున కూడా మొగుడి చూపు గూట్లోని డబ్బా మీదికే వెళ్ళిందని అతని భార్య బుల్లెమ్మ ఇప్పటికీ వీధంతా చెబుతుంది. నవ్వుకుంటే నవ్వుకోండి గాని, బందరు ఉప్పుగాలిలో కాపురం చేసినవాళ్ళెవరూ ఆ మనిషిని తప్పు పట్టరు. ఆ ఉప్పు తగిలితే నిన్న కొన్న మేకు కూడా వారం తిరక్కుండా ఎర్రబడుతుంది.

అలాంటి ఇంట్లోకి బెజవాడ నుంచి కంప్యూటరు వచ్చింది. వచ్చింది అనడమే గాని, వచ్చినవి ముక్కలు. అట్టపెట్టెల్లో కొన్ని, ప్లాస్టిక్ సంచుల్లో కొన్ని, దూదిలాంటి స్పంజిలో కొన్ని. వాటన్నిటినీ కలిపి మనిషిని చేయాల్సింది కూతురు భార్గవి. రోజూ పాసింజరు రైలెక్కి గుడివాడ వెళ్ళి ఆ చదువు చదువుకుంది. కోడూరులో హైస్కూలు నడుపుతున్న ఎలీషా గారు స్కూల్లో కంప్యూటరు గది పెట్టాలనుకుంటున్నారని విని, ఎవరి సిఫారసూ లేకుండా తానే వెళ్ళి, కంప్యూటర్లన్నీ నేనే బిగిస్తానండీ, పిల్లలకి నేనే నేర్పుతానండీ అని అడిగింది. ఆయన కాదనలేదు, అవుననీ అనలేదు.

"ముందు మీ ఇంట్లో ఒకటి బిగించమ్మా. శనివారం సాయంత్రం వచ్చి చూస్తాను. నడిస్తే పని నీది. నడవకపోతే బెజవాడ కంపెనీ వాళ్ళకి ఇస్తాను" అన్నారు.

ఆ మాట విన్న దగ్గర్నుంచి కోటిలింగానికి అన్నం సయించడం లేదు. ఈ పని దొరికితే పిల్ల తన కాళ్ళ మీద తను నిలబడుతుంది. దొరకకపోతే, ఆడపిల్లకి ఈ స్క్రూడ్రైవర్ల చదువేమిటని ఇన్నాళ్ళూ సణిగిన చుట్టాలందరూ ఒక్కసారిగా తెలివైనవాళ్ళైపోతారు. అది అతను భరించలేడు.

గురువారం నాడు భార్గవి ఏవో సీడీల కోసం గుడివాడ వెళ్తూ, ముక్కల్ని ఎవరూ ముట్టుకోవద్దని తల్లికీ తండ్రికీ మరీ మరీ చెప్పింది. ఒంట్లో ఉండే కరెంటు తగిలితే అవి పాడైపోతాయట. ముట్టుకోక తప్పకపోతే ముందు ఇనప వస్తువేదైనా పట్టుకుని ఆ కరెంటు వదిలించుకోవాలట. కోటిలింగం శ్రద్ధగా విన్నాడు.

పిల్ల వెళ్ళగానే సంచులు విప్పి చూశాడు. చూసి నిలువునా నీరైపోయాడు. ఎక్కడ చూసినా తళతళలాడే లోహం, దాని మీద చుక్క గ్రీజు లేదు. బెజవాడలో సముద్రం లేదు, షాపువాడికేం తెలుస్తుంది పాపం. చిన్నపిల్ల, దానికి మాత్రం ఏం తెలుస్తుంది. గూట్లోంచి డబ్బా దించాడు. కూతురి మాట మీద గౌరవం కొద్దీ ముక్క ముక్కకీ ముందు కిటికీ ఊచ పట్టుకుని, ఒంట్లో కరెంటంతా పోగొట్టుకుని, ఆ తర్వాతే రాశాడు. ముక్కల అంచున దువ్వెనకున్నట్టు బారుగా ఉన్న బంగారు రంగు పళ్ళకి పల్చగా వేలితో పూశాడు. వాటిని దించే సందుల్లోకి అగ్గిపుల్లతో కూరాడు. పైకి కనపడినదంతా బుల్లెమ్మ పాత చీర పేలికతో తుడిచేశాడు. ఇంజను విప్పి బిగించినప్పుడు కలిగే తృప్తి కలిగింది. కూతురికి చెప్పాలన్న ఆలోచనే రాలేదు. కూరలో ఉప్పు వేసి వేశానని ఎవరు చెప్పుకుంటారు?

శుక్రవారం భార్గవి బిగించడం మొదలుపెట్టింది. మెమరీ ముక్క సందులోకి వెన్నలా దిగింది. ఇంత సులువుగా దిగుతుందనుకోలేదని అంటే, పక్కనే కూర్చున్న తండ్రి మీసం కింద నవ్వుకున్నాడు. మూత బిగించకుండానే స్విచ్చి నొక్కింది. ఫ్యాను తిరిగింది, ఎర్ర దీపం వెలిగింది. తెర మాత్రం చీకటిగా ఉండిపోయింది. పెట్టె లోపల్నుంచి కుయ్, కుయ్ అని ఏదో మూలగసాగింది.

ఆ మూలుగు వీధిలోకి పాకి, అడగకుండానే సాయం మొదలైంది. టీవీలు బాగుచేసే దుర్గాశ్రీనివాస్ వచ్చి, కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువుల మోటార్లన్నీ కరెంటు లాగేస్తున్నాయని, ఇక్కడికి వచ్చేది అడుగు బొడుగేనని తేల్చాడు. మంచం కోడంత బరువున్న స్టెబిలైజరు మోసుకొచ్చి తగిలించాడు. ఇప్పుడు రెండు పెట్టెలు మూలిగాయి. బుల్లెమ్మ ఇదంతా ఎదురింటి వాళ్ళ కళ్ళేనని ఎండు మిరపకాయలు దిగదుడిచి గుమ్మంలో కాల్చింది. కంప్యూటరుకి దిష్టి పోయిందో లేదో గాని, ఇంట్లో ఉన్నవాళ్ళందరికీ దగ్గు పట్టుకుంది. కోటిలింగం తన వంతుగా, ఇంజనైతే ఇలాంటప్పుడు డీజిలు గొట్టంలో గాలి చేరి ఉంటుందని, పెట్టెని ఒకసారి పక్కకి ఒరగబెట్టి చూడమని సలహా ఇచ్చాడు.

భార్గవి ఎవరి మీదా కసురుకోలేదు. ఆ కూత మెమరీ గురించేనని తనకి తెలుసు. దాన్ని పీకి పెన్సిలు రబ్బరుతో పళ్ళు రుద్ది మళ్ళీ పెట్టింది. అదే కూత. షాపువాడిని అడుగుదామని ఎస్టీడీ బూత్‌కి వెళ్ళింది. ఆ కాసేపట్లో కోటిలింగానికి ఒక అనుమానం వచ్చింది. మూత తీసి పెట్టారు కదా, ఉప్పు గాలి లోపలికి దూరిపోయి ఉంటుంది. కిటికీ ఊచ పట్టుకున్నాడు. రబ్బరుతో పిల్ల చెరిపేసిన చోటల్లా ఇంకో పూత, ఈసారి కాస్త దండిగా వేశాడు. శనివారం పొద్దున ఆమె మళ్ళీ బూత్‌కి వెళ్తే మళ్ళీ వేశాడు. పాపం, కూతురి పని అంత కష్టపడి పాడుచేసిన తండ్రి ఇంకొకడు ఉండడు.

మధ్యాహ్నానికి భార్గవి అన్నీ ఊడదీసి కూర్చుంది. రబ్బరు నల్లగా జిడ్డోడుతోంది. దాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. ఏడవలేదు గాని మొహం గట్టిపడింది. ఏమైందమ్మా అని తండ్రి అడిగితే ఏమీ లేదంది. ఆ మొహం చూడలేక కోటిలింగం అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాడు.

ఎలీషా గారు చెప్పిన వేళకే వచ్చారు. తెల్ల చొక్కా, జేబులో పెన్ను, నెమ్మదైన మనిషి. బుల్లెమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, ముక్కలు ముక్కలుగా పరచి ఉన్న కంప్యూటరు వైపు చూశారు.

"షాపువాడు మోసం చేశాడండి" అంది భార్గవి. "పాత సరుకు. తుప్పు కనపడకుండా గ్రీజు రాసి కొత్తదని అంటగట్టాడు. ఎంత తుడిచినా ఊరుతూనే ఉంది."

ఆ మాట అరుగు మీదున్న కోటిలింగం చెవిన పడింది. గ్రీజు వల్ల చెడేది కూడా ఒకటి ఈ లోకంలో ఉంటుందని అతనికి అప్పుడే తెలిసింది.

ఎలీషా గారు జాలిగా తలూపారు. నీ తప్పేముందమ్మా, రోజులు అలా ఉన్నాయి, స్కూలు పని మాత్రం కంపెనీ వాళ్ళకే ఇస్తాను, వాళ్ళైతే పూచీ ఉంటుంది అంటూ లేచారు. తప్పు షాపువాడి మీదికి పోయింది. పిల్లకి చెడ్డపేరు రాలేదు. నోరు మూసుకుంటే కోటిలింగానికీ రాదు. నోరు విప్పితే, తండ్రి కంప్యూటరుకి గ్రీజు పూశాడట అని బందరు నుంచి కోడూరు దాకా బస్సుల్లో చెప్పుకు నవ్వుతారు. నవ్వితే నవ్వారు, పని పోతోంది కదా. లేచి వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ గ్రీజు షాపాయనది కాదండి. నాది. నేనే రాశాను. ముక్కలు మంచివేనండి."

భార్గవి తండ్రి వంక చూసింది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"ఎందుకు నాన్నా?"

"తుప్పు పడుతుందని. నీది కదమ్మా."

భార్గవి ఎలీషా గారి వైపు తిరిగింది. "ఇక్కడ గాలికి ఏదన్నా చెయ్యమని నేనే చెప్పానండి. కొంచెం ఎక్కువ రాసినట్టున్నారు. తప్పు నాదే" అంది.

కోటిలింగం ఒప్పుకోలేదు. అది అబద్ధమని, పిల్ల ముట్టుకోవద్దనే చెప్పిందని, తానే మాట వినలేదని గట్టిగా చెప్పాడు. భార్గవి కాదంది. తప్పు నాదంటే నాదని తండ్రీ కూతుళ్ళు పట్టుబట్టారు. ఎలీషా గారు కొంతసేపు అటూ ఇటూ చూసి, ఇక లాభం లేదనుకుని మళ్ళీ కూర్చున్నారు.

"తీసెయ్యగలవా?" అని అడిగారు.

దుర్గాశ్రీనివాస్ ఇంటి నుంచి స్పిరిట్ సీసా వచ్చింది. ఎక్కడెక్కడ రాశావు నాన్నా అని భార్గవి అడిగితే, కోటిలింగం సిగ్గుపడుతూనే ఒక్కొక్కటీ చూపించాడు. ఇక్కడ, దీని కింద, ఆ సందులో, ఆ తీగల మొనలకి. ఒక్క చోటు కూడా వదల్లేదని చెబుతున్నప్పుడు గొంతులో కాస్త గర్వం తొణికింది. బుల్లెమ్మ తల కొట్టుకుంది. భార్గవి పళ్ళు తోముకునే బ్రష్షుని స్పిరిట్‌లో ముంచి, సందు సందూ తోమి, ఆరబెట్టి, మళ్ళీ మొదటి నుంచీ బిగించింది. ఏ ముక్క ఏం చేస్తుందని ఎలీషా గారు అడుగుతూ ఉంటే చేతులు ఆపకుండానే జవాబు చెప్పింది.

స్విచ్చి నొక్కింది. టిక్ అని ఒకే ఒక్క చిన్న శబ్దం వచ్చింది. తెర మీద తెల్ల అక్షరాలు బారులు తీరాయి. అవేమిటో కోటిలింగానికి చదవడం రాదు, అయినా కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

ఎలీషా గారు చెప్పులు వేసుకుంటూ, సోమవారం కోడూరు రమ్మన్నారు. "మా ఊళ్ళోనూ ఇదే ఉప్పుగాలమ్మా. మీ నాన్నగారిని మాత్రం ఇక్కడే వదిలి రా."

"ఆయన వస్తారండి" అంది భార్గవి. "చేతులు కడిగించి తీసుకొస్తాను."

ఆయన వీధి మలుపు తిరిగే లోపలే కోటిలింగం కిరసనాయిలు సీసా, బట్టల సబ్బు పట్టుకుని పెరట్లో బోరింగు దగ్గర కూర్చున్నాడు. గోళ్ళ సందులు, వేళ్ళ మడతలు, మోచేతుల దాకా పీచు పెట్టి రుద్దుతూనే ఉన్నాడు. బుల్లెమ్మ వచ్చి కొంతసేపు నిలబడి చూసి, లోపలికి వెళ్ళి కూతురితో అంది.

"మా పెళ్ళినాడు కూడా ఈ మనిషి ఇంతసేపు తోముకోలేదే."