మెకానిక్ చేతుల చలవ

పొద్దున్నే షెడ్డు షట్టర్ ఎత్తగానే మెకానిక్ చేసే మొదటి పని, ఎదురు టీకొట్టు అత్త పాలగిన్నెను రెండు చేతులతో పట్టుకుని కాసేపు కూర్చోవడం. ఆమెకు ఫ్రిజ్ లేదు. అతని అరచేతులు పుట్టినప్పటినుంచీ మంచుగడ్డలు. వీధిలో ఏ బిడ్డకు జ్వరమొచ్చినా ఎత్తుకొచ్చి నుదుటి మీద చెయ్యి వేయించుకుపోతారు. పెళ్లాం మాత్రం చలికాలం వస్తే మంచం ఆ చివరికి జరిగి, "ముట్టుకున్నావంటే పుట్టింటికి పోతా" అంటుంది. పాపం, నలభై ఏడేళ్లొచ్చినా ఆ మనిషి వేడి టీ తాగి ఎరగడు. గ్లాసు చేతిలోకి వచ్చిందంటే చల్లారిందన్నమాటే.

ఆ వేళ గిన్నె ఇంకా చేతిలో ఉండగానే టీచరమ్మ పాత కారు వచ్చి ఆగింది. అతను గిన్నె కింద పెట్టి లేచాడు. నెల క్రితం ఏసీ పైపు బాగుచేసి, గ్యాస్ నింపి పంపిన బండి అది.

టీచరమ్మ భర్త బేకరీలో పనిచేసేవాడు. పొయ్యి పేలి ఒళ్లంతా కాలింది. కాలిన చర్మానికి చెమట పట్టదు. చెమట పట్టని ఒంట్లోంచి వేడి ఎటు పోతుంది? ఎండలో గంటసేపు ఉంటే ప్రాణం మీదికొస్తుంది. కూర్చోలేడు గనక కారు వెనక సీటు పీకేసి పలక వేయించింది ఆవిడ. పెద్దాసుపత్రి ఆరుగంటల దూరం. ఊళ్లో ఉన్న ఒక్క అంబులెన్సుకూ ఏసీ లేదు.

"పోయినసారి సగం దారిలోనే వేడిగాలి కొట్టింది," అంది టీచరమ్మ. గొంతులో కోపం లేదు. అతనికి అదే ఎక్కువ బాధగా ఉంది. "మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఇవాళ సాయంత్రంలోగా తీసుకురమ్మన్నారు. తెచ్చినా పెద్దగా లాభం ఉండదనీ అన్నారు."

అతను బానెట్ ఎత్తి, పైపును బిగించిన క్లాంపు విప్పాడు. దాని కింద, క్లాంపు ఒరుసుకున్న చోట, సూదిమొనంత చిల్లు.

ఏ మెకానిక్ అయినా పైపు వెంట అరచెయ్యి పోనిస్తాడు. గ్యాస్ కారే చోట చెయ్యి జివ్వుమంటుంది. ఇతని చేతికి చలి తెలిస్తేగా? అందుకే ఎప్పుడూ సబ్బునురగ రాసి బుడగలు చూసుకుంటాడు. పోయినసారి పైపైన రాసి, బుడగ రాలేదని సరిపెట్టుకున్నాడు.

"క్లాంపు విప్పి చూడాల్సింది. తప్పు నాదేనమ్మా."

"తెలుసు. ముందు పని చూడు."

అతుకు వెయ్యబోతే పైపు పల్చబడిపోయి చిల్లు ఇంకా పెద్దదైంది. కొత్త పైపు ఎక్కడా దొరకడం లేదు. పాతసామాన్ల కొట్టుకు ఫోన్ చేస్తే, "ఆ బండికి పైపా? ముందు ఆ బండినే మ్యూజియంలో పెట్టు" అని నవ్వాడు వాడు. రబ్బరు చుట్టి బిగించాడు. గ్యాస్ ఒత్తిడి చూపే మీటరు ముల్లు నిలవలేదు, పడిపోతూనే ఉంది. పదకొండు దాటింది. ఎండ షెడ్డు లోపలికి వచ్చేసింది.

ఏం చెయ్యాలో తోచక చిల్లును అరచేత్తో మూశాడు. ముల్లు ఆగింది. తీశాడు, కదిలింది. మళ్లీ మూశాడు.

"చెయ్యి అక్కడే పెట్టుకుని బండితోపాటు పోతావా అల్లుడూ?" అంది టీకొట్టు అత్త.

అతను రెండో చేత్తో వాల్వు తిప్పి పైపులోకి గ్యాస్ వదిలాడు. అరగంట అలాగే వంగి నిలబడ్డాడు. భుజాల్లోంచి, మోచేతుల్లోంచి చలవ ఒకటే జారిపోతోంది. పోయేదేమిటో అతనికి తెలుసు. చెయ్యి మాత్రం తియ్యలేదు.

తీసేసరికి పైపు చుట్టూ అయిదు వేళ్ల అచ్చుతో సహా తెల్లటి మంచు పేరుకుని ఉంది. ముల్లు కదల్లేదు. టీచరమ్మ గబగబా స్టీరింగు ముందు కూర్చుంది.

"ఇక పాలకు ఐసు కొనుక్కోవాలి," అని గొణుక్కుంటూ అత్త గిన్నె తీసుకుపోయింది.

ఆ వారంలో జ్వరం బిడ్డను ఎత్తుకొచ్చిన ఒకామె, అతని చెయ్యి వెచ్చగా తగలగానే బిడ్డను వెనక్కి లాక్కుంది. తర్వాత ఎవరూ రాలేదు.

పన్నెండో రోజున టీచరమ్మ వచ్చింది. కారులో పలక లేదు.

"మొన్న పోయారు," అంది. "ఆ రోజు దారిలో దుప్పటి అడిగారు. కాలిన తర్వాత చలేస్తోందని ఆయన అనడం అదే మొదలు. దుప్పటి కప్పితే ఆసుపత్రి వచ్చేదాకా నిద్రపోయారు." కారు ముందుకొచ్చి బానెట్ ఎత్తింది. "నీ చలవ నువ్వు తీసేసుకో. ఇక నాకెందుకు?"

పైపు మీద మంచు చెక్కుచెదరలేదు. అతను అరచెయ్యి ఆనించాడు. చురుక్కుమంది. ఠక్కున వెనక్కి లాక్కున్నాడు. చలవ తిరిగి రాలేదు. చలంటే ఏమిటో మాత్రం ఇప్పుడు తెలిసింది.

మిగతా మెకానిక్కుల్లా మొదటిసారి పైపు వెంట చెయ్యి పోనిచ్చాడు. కంప్రెసర్ దగ్గరి జాయింటు మీదికి రాగానే సన్నటి చల్లగాలి అరచేతికి తగిలింది. నురగ అక్కర్లేకపోయింది, కళ్లతో చూడాల్సిన పని కూడా లేకపోయింది.

"ఇప్పుడిక్కడా కారుతోందమ్మా." చెయ్యి అక్కడే ఉంచి తల దించుకున్నాడు. "మొదటిసారి బాగుచేసిన రోజే ఈ చెయ్యి ఉండి ఉంటే..."

టీచరమ్మ అతని చేతినే చాలాసేపు చూసింది. మెల్లగా పక్కకు తప్పించి బానెట్ దించింది.

"కారనీలే," అంది.

అత్త తెచ్చిపెట్టిన టీ గ్లాసు అతని చేతిలో చాలాసేపు వేడిగానే ఉంది. అతను తాగలేదు.