ముచ్చటైన వైర్ల కట్ట

మిల్వాకీ ఫ్యాక్టరీలో అట్ట కోసే కత్తి మళ్లీ అంగుళం పక్కకు పోయింది. మోటారు ఎంత తిరిగిందో లెక్క చెప్పే ఎన్‌కోడర్‌ను ఎలక్ట్రీషియన్ వెర్న్ రెండుసార్లు మార్చినా ఫలితం లేదు. తప్పు కొలతలు కొట్టిందని ఆ మెషీన్ నడిపే లోర్నాను పనిలోంచి తీసేసి వారమైంది. "దానికి బటన్లు నొక్కడం కూడా చేతకాదు" అని మేనేజరు చెవిన వేసింది వెర్నే.

ఈసారి వైర్ల పెట్టె తెరిచాడు. ఎన్‌కోడర్ సన్నవైరూ మోటారు లావువైరూ ఒకే కట్టలో, జడ అల్లినంత ముచ్చటగా ఉన్నాయి. మోటారు కరెంటు రొదంతా పక్కవైరులోకి దూరి లెక్క చెడగొడుతోంది. నెల కిందట తనిఖీకని ప్లాస్టిక్ ట్యాగులతో అలా బిగించింది తనే. మేనేజరు ఫోటో కూడా తీసుకున్నాడు.

ట్యాగులు తెంపి, వైర్లను దూరంగా జరిపాడు. కత్తి గీత మీదే పడింది.

"ఇంతకీ రోగమేంటయ్యా, వెర్న్?" అన్నాడు మేనేజరు.

"ఏదో స్క్రూ వదులైంది, అంతే" అన్నాడు వెర్న్, తెగిన ట్యాగులను జేబులో కుక్కుకుంటూ.