పడని గోల్స్ పుస్తకం

సీసాల ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ మాస్టారనే పిలిచేవారు. బళ్లో పాఠం చెప్పిన పాపాన ఆయన ఏనాడూ పోలేదు. చంకలో ఎప్పుడూ ఒక నోటు పుస్తకం ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. అందులో ఉండేది ఫుట్‌బాల్ లెక్క. లోకమంతా తమ జట్టు కొట్టిన గోల్స్ లెక్కపెట్టుకుంటుంటే, ఈయన మాత్రం తమ జట్టు మీద పడబోయి పడకుండా పోయినవి రాసుకునేవారు. ఏ నిమిషంలో, ఎవరు ఎక్కడ నిలబడితే ఎదుటివాడికి దారి దొరక్క బంతిని వెనక్కి ఇచ్చుకున్నాడో, అన్నీ వివరంగా రాసేవారు. ఎవరి పిచ్చి వారికానందం. అలాంటి పుస్తకాలు పద్నాలుగు నింపితే, వాళ్లావిడ వాటిని పాత సూట్‌కేసులో కుక్కి మంచం కిందికి తోసేసింది.

ఆ రోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో చివరి బల్ల దగ్గర ఎవరికీ తిండి సయించలేదు. క్లబ్బు వాళ్లు పొద్దున్నే ప్రకటన ఇచ్చారు. వెనక వరసలో ఆడే ముగ్గురిని వదిలేస్తున్నామనీ, ఇన్నాళ్ల సేవలకు కృతజ్ఞతలనీ. ముగ్గురిలో ఒకడు పదకొండేళ్లుగా గోల్ ముందు నిలబడ్డవాడు. పరుగెత్తడం అతని జాతకంలో లేదు గనక అభిమానులు అతనికి 'నిదానం' అని పేరు పెట్టుకున్నారు.

"పోయినేడు నలభై తొమ్మిది గోల్స్ ఇచ్చుకున్నాం. ఆ వెనక వరసని ఇంకా నెత్తిన పెట్టుకుని ఊరేగాలా?" అన్నాడు ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్.

"అందులో ఇరవై ఏడు, నిదానం మోకాలు దెబ్బ తిని బయట కూర్చున్న రెండు నెలల్లో పడ్డవే," అన్నారు మాస్టారు, పుస్తకం తెరవకుండానే.

"అది మన ఖర్మ మాస్టారూ. దానికీ అతనికీ ఏంటి సంబంధం?"

ఎలక్ట్రీషియన్ అన్నం డబ్బా పక్కకి జరిపి ఫోన్ బల్ల మీద పెట్టాడు. అతనికి అంకెలంటే ప్రాణం. "ఇది చూడండి. లీగ్ మొత్తంలో అందరికంటే తక్కువ సార్లు బంతి లాక్కున్న డిఫెండర్ ఎవరు? మన నిదానమే. మ్యాచ్‌కి ఒకటి. నేల మీద జారుతూ వెళ్లి ఆపినవి, ఏడాది మొత్తానికి రెండు. పని చేయని మనిషిని పంపించేస్తే తప్పేంటండీ?"

"ఆ జీతంతో ముందు వరసలోకి ఇద్దరు కుర్రాళ్లొస్తారంట," అన్నాడు డ్రైవర్.

"అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే అయితే మోసేవాళ్లెవరు?"

"సామెతలకి గోల్స్ ఆగవు మాస్టారూ. లెక్క చెప్పండి."

మాస్టారికి నీరసం వచ్చింది. ఇదే బల్ల, ఇదే వాదన. ఏటా కొత్త ఆటలు మొదలయ్యే ముందు క్లబ్బు వెనక వరసలో ఒకరినో ఇద్దరినో వదిలించుకోవడం, ఈయన గొంతు చించుకోవడం, వీళ్లు ఫోన్లు చూపించడం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అయినా నోరు ఊరుకోదు కదా.

"బంతి లాక్కోవాల్సిన అవసరం ఎప్పుడొస్తుంది? ఎదుటివాడు నీ దాకా వచ్చేశాక," అన్నారు. "వాడు రాకముందే, ఏ దారిన వస్తాడో చూసుకుని, లేచి అక్కడికి నడిచి వెళ్లి నిలబడేవాడికి లాక్కునే పనేముంటుంది? అతని లెక్క తక్కువే ఉంటుంది. తక్కువ ఉండటమే అతని పనితనం. పైనుంచి చూసేవాళ్లకి మాత్రం ఊరికే షికారు తిరుగుతున్నట్టు…"

అక్కడ ఆగిపోయారు.

షికారు.

మాస్టారి కింద చెకింగ్‌లో ముగ్గురు పని చేస్తారు. తెల్లటి దీపాల బల్ల ముందు కూర్చుని, బెల్టు మీద వరసగా వచ్చే సీసాల్లో పగుళ్లున్న వాటిని తీసి తొట్టిలో వేయడం వాళ్ల పని. తీసిన ప్రతి సీసాకీ ఎదురుగా ఉన్న పలక మీద ఒక గీత గీయాలి. ముగ్గురిలో ఒకడు పొడుగాయన, ఒకామె కొత్తావిడ, మూడో ఆమెకి అందరూ పెట్టిన పేరు షికారమ్మ. తొమ్మిదేళ్లుగా పని చేస్తున్నా ఆమెకి ఒకచోట కుదురు లేదు. గంటకోసారి లేచి, చేతిలో ఒక పగిలిన సీసా పట్టుకుని, మెట్లు దిగి ఎటో పోతుంది. "కాళ్లకి బలపాలు కట్టుకు పుట్టావా తల్లీ, కూర్చోవమ్మా" అని మాస్టారే ఎన్నోసార్లు విసుక్కున్నారు. "ఇప్పుడే వస్తా అన్నయ్యా" అని నవ్వేది.

నెల తిరిగేలోగా సీసాలు చూసే కెమెరా యంత్రం వస్తుంది. ముగ్గురిలో ఒకరు ఎక్కువవుతారు. ఎవరెన్ని సీసాలు తీశారో మూడు నెలల లెక్క ఇమ్మని మేనేజరు అడిగితే, మాస్టారు పలకల మీది గీతలు కూడి, పొద్దున్నే కాగితం ఇచ్చి వచ్చారు. పొడుగాయన పైన, కొత్తావిడ మధ్యలో. షికారమ్మ అడుగున, వాళ్లలో సగం కూడా లేదు. లెక్క లెక్కే కదా అనుకున్నారు. వెన్ను విరిగి ఇంట్లో పడుకున్న మొగుడితో ఆ ఇల్లంతా ఆమె జీతం మీదే నడుస్తుందని తెలిసీ, ఆ ఆలోచనని పక్కకి నెట్టి మరీ ఇచ్చారు. నవారు మంచం మీద పడుకుని పద్నాలుగు పుస్తకాలు రాసిన మనిషి, తన పక్క కుర్చీలో మనిషి గురించి ఒక్క వాక్యం రాయలేదు. దీపం కిందే చీకటంటే ఇదే.

"ఏమైంది మాస్టారూ? ఓడిపోయినట్టేనా?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"ఆమె ఎక్కడికి వెళ్తుంది?" అన్నారు మాస్టారు, ఎవరినీ అడగకుండానే. డబ్బా మూత కూడా పెట్టకుండా లేచి వెళ్లారు.

మెట్ల కింద ఉన్నది అచ్చుల గది. కొలిమి నుంచి వచ్చే కరిగిన గాజుని సీసాలుగా పోసే పన్నెండు అచ్చుల్ని అచ్చులాయన అక్కడే సాన పెడతాడు. మాస్టారు ఆ గదిలో అడుగు పెట్టి ఎన్నేళ్లయిందో.

"షికారమ్మ ఇక్కడికొస్తుందా?"

"రాకేం. రోజూ వస్తుంది." అచ్చులాయన తల కూడా ఎత్తలేదు. "పగిలిన సీసాని బోర్లించి అడుగున ఉన్న అచ్చు నంబరు చూస్తుందండీ. ఒకే నంబరు రెండుసార్లు కనిపించిందంటే చాలు, దిగొచ్చి 'అన్నా, తొమ్మిదోది మెడ దగ్గర అరిగింది, మార్చు' అంటుంది. మారుస్తా. ఆవిడ చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది? పగుళ్లు వందల్లో వచ్చాక గానీ తెలియదు."

"మిగతా ఇద్దరూ?"

"వాళ్ల మొహం నేనెప్పుడూ చూళ్లేదు."

మాస్టారు రిజిస్టరు అడిగి తీసుకున్నారు. అచ్చు నంబరు ఉంది, మార్చిన తేదీ ఉంది, కారణం ఉంది. ఎవరు చెప్పారో మాత్రం లేదు.

"ఆవిడ పేరు రాయలేదేం?"

"పేరెందుకండీ, రోజూ వచ్చే మనిషేగా," అన్నాడు అచ్చులాయన.

మేనేజరు చెడ్డవాడు కాదు. అతనూ అలిసిపోయి ఉన్నాడు. కళ్లు నులుముకుంటూ మాస్టారు చెప్పిందంతా విన్నాడు.

"మీరు చెప్పేది నిజమే అయ్యుండొచ్చు మాస్టారూ. కానీ నేను పైవాళ్లకి ఏం చూపించాలి? తీసిన సీసాలైతే చూపిస్తాను. రాని సీసాల్ని ఎలా చూపించను? ఈ రిజిస్టర్లో ఆమె పేరే లేదు. పోనీ, ఆమె కాకపోతే ఎవరు? పేరు చెప్పండి, ఆమెని తీసేసే ఉత్తరం మారుస్తాను."

పొడుగాయన్ని చెప్పాలా? ఏనాడూ ఒక్క పూట సెలవు పెట్టలేదు. కొత్తావిడని చెప్పాలా? ఆమె కళ్లు డేగ కళ్లు.

"నా పేరు రాయండి," అన్నారు మాస్టారు చివరికి.

"యంత్రం బాధ్యత మీ మీద పెట్టారు. మీ పేరు నన్నెవరూ అడగలేదు." మేనేజరు పొద్దుటి కాగితాన్ని బల్ల మీదే కొంచెం పక్కకి జరిపాడు. దాని మీద మాస్టారి చేతిరాత గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా ఉంది. "లెక్క ఇచ్చింది మీరే కదండీ."

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఆకులేం చేస్తాయి.

షిఫ్టు ముగిసేసరికి ఉత్తరం వస్తుంది. దానికంటే ముందే తన నోటితో చెప్పాలని మాస్టారు చెకింగ్ గదికి వెళ్లారు. మిగిలిన ఇద్దరూ టీకి వెళ్లారు. ఆమె ఒక్కతే దీపాల బల్ల ముందు ఉంది.

"అమ్మాయ్, పొద్దున నేనొక లెక్క ఇచ్చాను," అని మొదలుపెట్టారు.

"తెలుసన్నయ్యా. ఆ కాగితం పట్టుకుని నా ముందు నుంచే వెళ్లారు. రోజూ ఏదో ఒకటి అనేవారు, ఇవాళ నా వైపు చూడలేదు." బెల్టు మీద నుంచి ఒక సీసా తీసింది, పలక మీద గీత గీసింది. "ఎప్పటిదాకా?"

"శనివారం దాకా. నేను వెళ్లి అడిగాను. నువ్వు చేసే పనేమిటో ఇవాళే తెలిసింది నాకు. తప్పు నాదమ్మా."

"మీరడిగుంటే చెప్పేదాన్నిగా, ఎక్కడికెళ్తున్నానో," అందామె. కోపంగా అని ఉంటే ఆయనకి బాగుండేది. మామూలుగానే అంది. "కూర్చో కూర్చో అన్నారు గానీ, ఎక్కడికమ్మా అని ఒక్కసారీ అడగలేదు మీరు."

మాస్టారు తల దించుకున్నారు.

ఆమె చేతిలోని సీసాని బోర్లించి చూసి, తొట్టిలో వేసింది. "ఆరో అచ్చు అరగడం మొదలైంది. ఇంకా పది రోజులు ఆగుతుందేమో. తర్వాత ఎవరో ఒకరు వెళ్లి అచ్చులన్నకి చెప్పండి."

"నేనే వెళ్తాను," అన్నారు మాస్టారు.

వెళ్లలేదు. వెళ్లకూడదని కాదు. ఆమె వెళ్లాక వచ్చిన సోమవారమే యంత్రం దిగింది. దాని తీగలు, దాని మొరాయింపులు, దాన్ని బిగించడానికి వచ్చినవాళ్ల సందేహాలు. ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే కుర్చీలో నిద్రపోయేవారు. ఆమె ఇంటికి వెళ్లాలని రెండుసార్లు బయల్దేరి, ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తెలియక వీధి మలుపు నుంచే వెనక్కి వచ్చారు. ఆమె ఇప్పుడు ఏదో ఆఫీసులో నేల తుడుస్తోందని, జీతం సగమేనని కొత్తావిడ చెప్పింది.

ఐదు వారాల తర్వాత మేనేజరు ఒక కాగితం పట్టుకుని స్వయంగా కిందికి వచ్చాడు. ఎన్నాళ్లకో మొహంలో కాస్త కళ ఉంది.

"మాస్టారూ, మీ సెక్షన్ అదరగొడుతోంది. ముగ్గురున్నప్పుడు రోజుకి మొత్తం నలభై తీసేవారు. ఇప్పుడు ఇద్దరూ యంత్రమూ కలిసి నూట ముప్పై. పైవాళ్లు మెచ్చుకుంటూ రాశారు. ఆ రోజు మీరు ఊరికే బాధపడ్డారు గానీ, చూడండి, ఇదీ లెక్క."

మేనేజరు వెళ్లాక మాస్టారు తొట్టి దగ్గరికి వెళ్లి వంగి, ఒక సీసా తీసి బోర్లించారు. ఆరు. ఇంకోటి తీశారు. ఆరు. మూడోది మూడు, నాలుగోది మళ్లీ ఆరు. చేతికందినవన్నీ తీసి చూశారు. సగానికి పైగా ఆరో అచ్చువే, మెడ దగ్గర వెంట్రుకంత పగులుతో. ఆయనకి ఏడుపొచ్చింది. పక్కన పొడుగాయన ఉన్నాడు కాబట్టి దగ్గుతో సరిపెట్టారు.

క్యాంటీన్‌లో ఆ మధ్యాహ్నం చివరి బల్ల మహా సందడిగా ఉంది. కొత్త ఆటలు మొదలయ్యాయి. జట్టు నాలుగు మ్యాచులు ఆడి మూడు ఓడింది. అయినా గోల్‌కీపర్‌కి నెల మొత్తంలో మేటి ఆటగాడని బహుమతి వచ్చింది.

"ఒక్క మ్యాచ్‌లో పన్నెండు ఆపాడు మాస్టారూ," అన్నాడు ఎలక్ట్రీషియన్, ఫోన్ చూపిస్తూ. "లీగ్‌లోనే రికార్డు. నిదానం ఉన్న రోజుల్లో ఎప్పుడైనా ఇన్ని ఆపాడా?"

"ఆపే అవసరం రాలేదు," అన్నారు మాస్టారు. పుస్తకం బల్ల మీదే వదిలేసి, జేబులోంచి ఆరో అచ్చుది పగిలిన సీసా ఒకటి బయటికి తీసి పట్టుకుని లేచారు.

అచ్చుల గదికి మెట్లు దిగుతుంటే మోకాళ్లు పట్టేశాయి. ఎక్కేటప్పుడు ఇంకా కష్టం. ఆమె గంటకోసారి, రోజుకి ఎనిమిదిసార్లు, తొమ్మిదేళ్లు. ఈ వారం నుంచి మాస్టారు కూడా దీపాల బల్ల ముందు కూర్చుని సీసాలు తీయాలన్నారు; తను కుర్చీలో లేనంతసేపు పలక మీద తన గీతలు పడవు. కొత్త పద్ధతిలో పై అధికారులు మాస్టారి పలక కూడా లెక్కలోకి తీసుకుంటున్నారు. నెలాఖరుకి తన పేరు అడుగున ఉంటుంది. తెలిసే దిగుతున్నారు.

"ఎక్కడికి మాస్టారూ, షికారుకా?" వెనక నుంచి డ్రైవర్ కేక వేశాడు. బల్ల దగ్గరున్నవాళ్లంతా నవ్వారు.

"అవును," అన్నారు మాస్టారు, గోడ పట్టుకుని ఇంకో మెట్టు దిగుతూ.