పగిలినవి మన వాటా

ఉడికే నీళ్ళలో పగిలిన పిరోహీ అమ్మకానికి పనికిరాదు. మా చర్చి కింది హాల్లో మొదటినుంచీ ఉన్న పద్ధతి అది. పగిలినదాన్ని చిల్లుల గరిటెతో తీసి పక్క పళ్ళెంలో వేస్తాం. మధ్యాహ్నం వెన్న, ఉల్లిపాయలు వేసి వేయించుకుని, పనిచేసిన ఆడవాళ్ళమే తింటాం. విడిన అంచుల్లోకి వెన్న దిగుతుంది కనుక వాటి రుచే వేరు. ఏటా ఈస్టరుకు ముందు, శుక్రవారాలు మాంసం మానేసే తపస్కాలంలో ఆ నాలుగైదింటి కోసం కొట్లాడుకునేవాళ్ళం. ఈ ఏడు కొట్లాట లేదు. మొదటి గురువారమే తలా ఆరేసి వచ్చాయి.

గిన్నె దగ్గర ఉండేది నేనే. గరిటె నా చేతికి వచ్చి పదకొండేళ్ళయింది.

గురువారం మేం చేసిపెట్టేది శుక్రవారం సాయంత్రం జరిగే చేపల విందుకి. మగవాళ్ళు వెనక వాకిట్లో కాడ్ చేప ముక్కల్ని రొట్టెపొడిలో దొర్లించి వేయిస్తారు. ముక్క బన్నులో పట్టక రెండు పక్కలా వేలాడుతుంది. జనం వచ్చేది ఆ చేప కోసమేనని వాళ్ళ నమ్మకం. చేప ఏటి అవతల ఇటాలియన్ల చర్చిలోనూ దొరుకుతుంది, దాని పక్కన చిక్కుడు గింజల పాస్తా కూడా పెడతారు. మా మెట్లు దిగేవాళ్ళు దిగేది క్యాబేజీ కలిపిన హలుష్కీ నూడుల్స్ కోసం, పిరోహీల కోసం. పిరోహీ చూడటానికి కజ్జికాయే. లోపల బంగాళాదుంప, చీజు ఉంటాయి, నూనెలో కాకుండా నీళ్ళలో ఉడుకుతుంది. అందుకే అంతా అంచులోనే ఉంది.

అంచు విషయంలో వెరోనా తేతాను మించినవాళ్ళు లేరు. అమెరికాకి వలసొచ్చిన మా స్లొవాక్ ఇళ్ళలో అత్తలూ, అత్తల వయసు వాళ్ళూ అందరూ తేతాలే. ఈమెకు ఎనభై మూడు. ఆ బల్ల చుట్టూ కూర్చున్న అందరికీ పిరోహీ నేర్పింది ఆమే. మేం బొటనవేలితో నొక్కి ఊరుకుంటాం. ఆమె అంచును సన్నటి జడలా అల్లుతుంది. వందలో కలిపినా ఆమెది ఏదో చెప్పేయొచ్చు.

అందుకే నాకు మొదటి గురువారమే తెలిసిపోయింది. పగిలినవన్నీ జడ అంచువే. చలికాలం నుంచి ఆమె వేళ్ళు వణుకుతున్నాయి. అల్లిక చూడటానికి అలాగే ఉంది, లోపల పట్టు లేదు.

ఆ మధ్యాహ్నం పళ్ళెం చూసి డొలోరెస్ చేతులు రుద్దుకుంది. "ఇన్నా! మనకి పండగే ఇవాళ."

తేతా మాత్రం ఒకదాన్ని విప్పి వేళ్ళమధ్య నలిపి చూసింది. వేగాక జడా లేదు, ఏమీ లేదు. "పిండిలో పట్టు లేదు. ఎవరు కలిపారు?"

ఎవరు కలిపారో అందరికీ తెలుసు. బెర్నడీన్. మా ఊరి కోడలు, పుట్టిల్లు మిల్వాకీ. వచ్చి ఇరవై రెండేళ్ళయినా ఇంకా ఆ ఊరి పేరుతోనే పిలిచి ఏడిపిస్తాం.

"నేనే తేతా. ఎప్పటిలాగే కలిపాను."

"మిల్వాకీలో ఎప్పటిలాగేనేమో. చేప మీద ఆపిల్ గుజ్జు పోసుకుని తినేవాళ్ళకి పిండి సంగతి ఏం తెలుస్తుందే?"

అందరం నవ్వాం. బెర్నడీనూ నవ్వింది. "చేప మీద కాదు తేతా, దుంప అట్టు మీద. ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

"ఏమే లొరెట్టా," అని తేతా నన్నడిగింది, "గిన్నె దగ్గరుండేదానివి నువ్వు. పిండేనా?"

అందరూ నావైపు తిరిగారు. "పిండే అయ్యుంటుంది తేతా," అన్నాను.

ఎందుకన్నానంటే, ఒకప్పుడు ఇదే బల్ల దగ్గర మాతో కూర్చున్న హెలెన్ గుర్తొచ్చింది. మూడేళ్ళ కిందట ఆవిడ చూపు తగ్గిందని మేమే, ఎంతో ప్రేమగా, "ఇక మీరు విశ్రాంతి తీసుకోండి" అన్నాం. కోటు వేసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ హాలు మెట్లు దిగలేదు. వెరోనా తేతాకు భర్త పోయాక మనుషులతో కూర్చుని మాట్లాడేది ఈ గురువారాల్లోనే. ఆ కుర్చీ పోతే ఆమెకు ఇంకేం మిగులుతుంది?

తర్వాతి వారం బెర్నడీన్ పిండిలో గుడ్లు ఎక్కువ వేసింది. మూడో వారం పుల్లటి మీగడ కలిపింది. నాలుగో వారం పొద్దున్నే వచ్చి, పిండిని తడిగుడ్డ కింద రెండు గంటలు నాననిచ్చింది. పగిలేవి పగులుతూనే ఉన్నాయి. ప్రతి వారం తేతా తీర్పు చెప్పేది, మేం తలలు ఊపేవాళ్ళం. ఊపుతూనే పగిలినవి తినేవాళ్ళం. ఐదో వారానికి పిండి మరీ బిరుసైపోయి మా బొటనవేళ్ళు నొప్పెట్టాయి.

ఆ రోజు బెర్నడీన్ కోటు గుండీలు పెట్టుకుంటూ నా పక్కకొచ్చింది. "గుడ్ ఫ్రైడేకి మాటిచ్చాను కాబట్టి ఆ ఒక్కసారికీ వస్తాను. వచ్చే ఏడు వేరేవాళ్ళని చూసుకోండి. లేదా ఫ్యాక్టరీవి తెప్పించండి. నా చెయ్యి పాడైపోయింది లొరెట్టా."

ఆమె చేతిలో ఏ లోపమూ లేదు. ఒకరి కుర్చీ కాపాడబోయి నేను ఇంకొకరి కుర్చీ లాగేస్తున్నాను. ఇంటికి వెళ్తూ దారంతా అదే అనుకున్నాను.

గుడ్ ఫ్రైడేకి రెండింతలు కావాలి కాబట్టి ఆ వారం మంగళవారమే కూర్చున్నాం. నేను తేతా ముందున్న పళ్ళెం నుంచి పన్నెండు విడిగా తెచ్చుకున్నాను. నీళ్ళు తెర్లుతున్నాయి.

"తేతా, ఒకసారి ఇటు రండి."

"కాళ్ళు పట్టేశాయే. అక్కడినుంచే చెప్పు."

"చెప్పేది కాదు. చూసేది."

గొణుక్కుంటూ, బల్ల అంచు పట్టుకుంటూ వచ్చింది. పన్నెండూ నీళ్ళలో వేశాను. మునిగాయి. కాసేపటికి ఒకటి పైకి వస్తూ వస్తూ కొసనుంచి విడిపోయింది. తడిసిన దారం ముడి వదిలినట్టు జడంతా జారిపోయి, నీళ్ళు తెల్లగా మారాయి. వెనకే ఇంకోటి. ఇంకోటి. తేతా కళ్ళద్దాలు ఆవిరికి మసకబారాయి. తీసి, ఏప్రన్‌తో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది.

"ఇవి నావి."

"అవును తేతా."

"మిగతావాళ్ళవి?"

డొలోరెస్ చేసినవి ఆరు వేశాను. బొద్దుగా, నిండుగా తేలాయి. పిండి అదే.

"ఎప్పటినుంచే?"

"మొదటి గురువారం నుంచి."

"ఐదు వారాలు!" గొంతు తగ్గించలేదు. హాలంతా విన్నది. "ఐదు వారాలు నేను పాడుచేసినవి తిని, మూతులు తుడుచుకుని, నాచేత ఆ పిల్లని తిట్టించారా?"

"హెలెన్ లాగా మీరూ వెళ్ళిపోతారేమోనని..."

"హెలెన్‌ని పొమ్మన్నారు కనుక పోయింది. నన్నెవరన్నా పొమ్మన్నారా?"

"లేదు."

"మరి నేను పోతానని నువ్వెలా తేల్చావే?"

జవాబు కోసం ఆమె ఆగలేదు. మోచేతుల దాకా మైదాతో నిలబడ్డ బెర్నడీన్ దగ్గరికి నడిచింది.

"నీ పిండి బాగుంది."

"ఇవాళ్టిదా తేతా?"

"అన్నిటికన్నా మొదటి వారానిది బాగుంది. తర్వాత గుడ్లు పోసి నువ్వే చెడగొట్టావు. పగిలింది పిండి కాదు. ఇవిగో, ఇవి." చేతులు ముందుకు చాపింది. అవి వణుకుతున్నాయి.

బెర్నడీన్ ఆ చేతుల్ని చూసి, తర్వాత నన్ను చూసింది. "నీకు తెలుసా?"

తల ఊపాను.

"ఐదు వారాలు ఇంట్లో రోజూ పిరోహీలే చేశాను, లోపం ఎక్కడుందో చూద్దామని. మా ఆయన నన్ను చూస్తే కంచం బోర్లిస్తున్నాడు." ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. "ఇరవై రెండేళ్ళు మీతో పనిచేశాను. 'పిండి కాదులే' అని చెవిలో చెప్పడానికి ఒక్కరికీ నోరు రాలేదా?"

"తప్పయింది బెర్నడీన్," అన్నాను. చాలదని నాకూ తెలుసు. ఆమె పంపు దగ్గరికి వెళ్ళి చేతులు కడగడం మొదలుపెట్టింది. వెళ్ళిపోతోందనే అనుకున్నాం.

"పిండి కలిపేదే పోతే నేనుండి ఏం అల్లను?" అని తేతా వెనక్కి చేతులు పెట్టి ఏప్రన్ ముడి లాగింది. ముడి రాలేదు. వేళ్ళు తాడు మీద నుంచి జారిపోతున్నాయి. మళ్ళీ లాగింది. సాయం చేద్దామని ఒక అడుగు వేసి ఆగిపోయాను. నా సాయం ఎలాంటిదో ఇప్పుడే అందరూ చూశారు.

బెర్నడీన్ చేతులు తుడుచుకుని వచ్చి ఆమె వెనక నిలబడి ఆ తాడు అందుకుంది.

"విప్పమంటారా, బిగించమంటారా?"

తేతా తాడు వదిలేసి చేతులు ముందుకు తెచ్చుకుంది.

"బిగించు," అంది. "మరీ గట్టిగా కాదు. ఊపిరాడాలి."

ముడి వేసి, సొరుగు లాగి, బెర్నడీన్ ఒక ఫోర్కు తెచ్చి ఆమె ముందు పెట్టింది. "ఇక అల్లొద్దు. అంచు మీద దీంతో ఇలా అదమండి. బరువు మణికట్టు మీద పడుతుంది, వేళ్ళకి పనుండదు. మా అమ్మ ఆపిళ్ళు కూరిన తీపి రొట్టెకి అంచు ఇలాగే వేస్తుంది."

"ఫోర్కా! చూస్తే మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి కొడుతుందే."

"రానివ్వండి. బల్ల దగ్గర ఇంకో మనిషి కావాలి మనకి."

అప్పుడు నవ్వింది తేతా. కూర్చుని, ఫోర్కును పిడికిలితో పట్టుకుని మొదటిదాన్ని అదిమింది. వంకరగా వచ్చింది. రెండోదీ వంకరే. పదోదానికి నాలుగు గీతలూ వరసగా పడ్డాయి. దాన్ని కళ్ళకు దగ్గరగా తెచ్చుకుని, "అందం లేదు," అని పళ్ళెంలో వేసింది.

అవి మిగతావాళ్ళవాటితో కలిసి నా గిన్నెలోకి వచ్చాయి. అవి తేలేదాకా తేతా ఆ బల్ల దగ్గరినుంచి నన్నే చూస్తోంది.

"ఎన్ని పోయాయే?"

గరిటెతో లెక్కపెట్టాను. "ఆరు."

"అందులో నావి?"

రెండని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. "నాలుగు తేతా."

"ఊఁ." ఇంకో పిండి బిళ్ళ తీసుకుంది. "మిగతా రెండూ?"

"డొలోరెస్‌వి."

"సిగ్గులేదుటే డొలోరెస్? నీ చేతులకేం రోగం?"

"మీ నోటికి భయపడి వణికాయి తేతా!"

హాలంతా గొల్లుమంది. బెర్నడీనూ నవ్వింది. ఆ రోజు నాతో మాట్లాడలేదు, ఆ నవ్వు నాకోసం కాదని నాకు తెలుసు. ఆమె ఇంకో పిండి ముద్ద తీసి, పలచగా ఒత్తి, గుండ్రంగా కోసి, ముందు తేతా చేతి దగ్గర పెట్టింది.