చివరి స్టాపులో తాళం

ఆ డిపోలో బస్సు నడిపే ఆడవాళ్లు ఇద్దరే. ఒకామె పురిటికి సెలవు పెట్టి వెళ్లింది. మిగిలింది మన డ్రైవరమ్మ. ఎంత ఇరుకు సందులోనైనా అద్దానికి గీత పడకుండా బస్సు తిప్పేది. గొంతు విప్పిందంటే ఎదురొచ్చే లారీ కూడా పక్కకి తప్పుకోవలసిందే. అంతటి మనిషీ ఒక్క విషయంలో మాత్రం నోరు కుట్టేసుకుంది.

నాలుగేళ్లుగా ఆమెకు పెద్దపేగులో పుండ్లు. మందులు వాడితే అణుగుతుంది. అణిగింది కదా అనుకునేలోపు మళ్లీ లేస్తుంది. లేచిందంటే కడుపులో మెలితిప్పి, రక్తం పడి, ఉన్నపళంగా పరుగెత్తాలి. స్టీరింగు ముందు కూర్చున్న మనిషి ఎక్కడికని పరుగెత్తుతుంది? అందుకే తనకు తోచిన ఉపాయం చేసింది. డ్యూటీ దిగేదాకా తినడం మానేసింది. నీళ్లు కూడా గొంతు తడుపుకోవడానికే. అక్క పొద్దున్నే కట్టిచ్చే భోజనం డబ్బా కండక్టరు చేతిలో పెట్టేసేది.

"నాకు ఉపవాసం అబ్బాయ్" అనేది.

"రోజూనా? ఎంత భక్తురాలివక్కా! నా ట్రాన్స్‌ఫర్ గురించి కూడా దేవుడికి ఓ మాట చెప్పు" అంటూ కండక్టరు డబ్బా ఖాళీ చేసి, కడిగి మరీ ఇచ్చేవాడు.

ఒకరోజు సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పోయి పచ్చ లైటు పడింది. బస్సు కదల్లేదు. వెనక హారన్లు చెవులకు చిల్లులు పొడుస్తున్నాయి. కండక్టరు ముందుకొచ్చి చూస్తే, డ్రైవరమ్మ స్టీరింగు మీద తల వాల్చేసి ఉంది. కళ్లు బైర్లు కమ్మినా కాలు మాత్రం బ్రేకు మీదే ఉంది.

ఆస్పత్రికి అక్క పరుగున వచ్చింది. "వేళకు తింటున్నారా?" అని డాక్టరమ్మ అడిగితే అక్కే జవాబిచ్చింది.

"తినకేం! రోజూ డబ్బా ఖాళీగానే వస్తుంది."

పక్కనున్న కండక్టరు మొహం పాలిపోయింది. "ఓరి దేవుడా, అదంతా నేనే తిన్నాను" అన్నాడు.

డాక్టరమ్మ ఇద్దర్నీ బయటికి పంపింది. "ఇది పూర్తిగా పోయే జబ్బు కాదని మీకు తెలుసు. కడుపు మాడ్చుకుంటే ఇంకా ముదురుతుంది. మందు సంగతి నేను చూసుకుంటాను. మందు కాక మీకేం కావాలి?"

డ్రైవరమ్మకు ఇన్నాళ్లూ ఏం తినకూడదో, ఏం చేయకూడదో చెప్పినవాళ్లే తప్ప ఏం కావాలని అడిగినవాళ్లు లేరు. తానూ ఎన్నడూ ఆలోచించలేదు.

"బస్సు వదిలెయ్యవే. బతికుంటే బలుసాకు తినొచ్చు" అంది అక్క. డిపో మేనేజరూ మంచివాడే. "టిక్కెట్ల గదిలో కూర్చోండమ్మా. బాత్రూం కూడా పక్కనే" అన్నాడు. ఆ చివరి మాట గొణిగాడు.

కూర్చుంది. ఫ్యాను కింద కుర్చీ, వేళకు భోజనం. కడుపు కాస్త కుదుటపడింది. కానీ కిటికీ అవతల బస్సు కదిలినప్పుడల్లా ఆమె కుడికాలు బల్ల కింద యాక్సిలరేటరును వెతుక్కునేది. ఒక మధ్యాహ్నం తింటూ తింటూ చెయ్యి ఆపింది. ఇక్కడ తనకు తిండి సయించడం కుర్చీ వల్ల కాదు. పక్కనున్న ఆ తలుపు వల్ల. అలాంటి తలుపు చివరి స్టాపులో ఉంటే?

ఎందుకు లేదు, ఉంది. కంట్రోలరు గది వెనక, గుమ్మడికాయంత తాళంతో. అమావాస్యకో పున్నమికో తనిఖీకి వచ్చే ఆఫీసర్ల కోసమట. ఇన్నేళ్లూ దాని ముందే బస్సు తిప్పింది, అది తనలాంటివాళ్లకు కాదులే అనుకుంటూ.

చెయ్యి కడుక్కుని నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్లింది.

"సార్, నేను మళ్లీ బస్సెక్కుతాను. చివరి స్టాపులో బాత్రూం తాళం తీయించండి."

మేనేజరు కంగారుగా తలుపు వైపు చూశాడు. "మెల్లగా అమ్మా! ఆడవాళ్లు ఇలాంటివి ఇంత గట్టిగా..."

"నాలుగేళ్లు మెల్లగానే ఉన్నాను సార్. చివరికి స్టీరింగు మీద పడ్డాను. నాకు పేగులో పుండ్లు. ఒక్కోరోజు ఆగదు. మీ జాలీ వద్దు, కుర్చీ వద్దు. నాకు ఆ తలుపు కావాలి."

"రూలు ఒప్పుకోదమ్మా."

"నా పేగు కూడా రూలు ఒప్పుకోదు సార్."

తాళం తెరుచుకోలేదు. అయినా డాక్టరమ్మ సరేనన్నాక బస్సెక్కింది. బయలుదేరే ముందు కడుపునిండా తింది. మూడో రోజు దారి మధ్యలో కడుపు మెలితిప్పింది. ఇదివరకైతే పళ్లు బిగపట్టేది. ఇప్పుడు ఇండికేటరు వేసి, బస్సును ఒక ఫర్నిచరు దుకాణం ముందు పక్కకి తీసి ఆపి, లేచి వెనక్కి తిరిగింది.

"నాకు పేగు జబ్బు. ఈ దుకాణంలో బాత్రూంకి వెళ్లొస్తాను. కాసేపు ఓపిక పట్టండి."

"ఇదేం చోద్యం! మాకు పనుల్లేవా?" ఒకాయన వాచీ చూపిస్తూ లేచాడు.

వెనక సీటు ముసలమ్మ ఊరుకుంటుందా? "ఏం నాయనా, నువ్వెప్పుడూ వెళ్లవా? వెళ్లకుండానే ఇంతవాడివయ్యావా? కూర్చో!"

బస్సంతా గొల్లున నవ్వింది. డ్రైవరమ్మ తల వంచుకోకుండా దిగింది, తల వంచుకోకుండా తిరిగొచ్చింది. మర్నాడూ అలాగే ఆపింది. ఫిర్యాదు వెళ్లింది, పిలుపు వచ్చింది.

"తాళం తీసేదాకా ఆపుతూనే ఉంటాను సార్. కారణం మాత్రం సరిగ్గా రాయండి. సిగ్గుపడి ఇంజిను లోపమని రాయకండి."

మేనేజరు నోరు తెరిచేలోపు, వెనకే వచ్చిన కండక్టరు గొంతు సవరించుకున్నాడు. "సార్, నాకు కిడ్నీలో రాయి. నీళ్లు తాగితే ఎక్కడికి పోవాలో తెలీక తాగడమే మానేశాను." వరండాలోంచి ఇంకో డ్రైవరు, "నాకు షుగరు సార్" అన్నాడు. నెలలు నిండిన ఒక కండక్టరమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది, అంతే. డ్రైవరమ్మ వాళ్లను నోరెళ్లబెట్టి చూసింది. ఒకే డిపోలో తిరుగుతూ ఎవరి కడుపు వాళ్లే పట్టుకుని బతికారన్నమాట.

ఆ వారమే తాళం ఊడింది. తర్వాత తనిఖీకి వచ్చిన మేనేజరు కూడా అక్కడ వరసలో నిలబడాల్సి వచ్చింది.

జబ్బు పోలేదు. మందులకు లొంగని రోజులు ఇప్పటికీ వస్తాయి. అలాంటి ఒక ఉదయం డిపో నుంచి ఫోను వచ్చింది.

"జ్వరమని చెప్పు" అని అక్క సైగ చేసింది.

"పేగు బాగోలేదు. ఇవాళ రాను" అంది డ్రైవరమ్మ, కిటికీ అవతలికి వినిపించేంత గట్టిగా.

"మెల్లగా అనవే! చుట్టుపక్కల వాళ్లు వింటారు."

"విననీ అక్కా" అంటూ దుప్పటి మీదికి లాక్కుని, మధ్యాహ్నం దాకా హాయిగా నిద్రపోయింది.